రోడ్డు చూడని బూట్లు

రొయ్య తల తీసినంత సులువైతే బాగుండును మగవాడి పంతం తీయడం కూడా, రెండు వేళ్ళ మధ్య పట్టి చిన్న మెలి తిప్పితే తలా పెంకూ కలిసి ఊడి వస్తాయి, వీడి పంతం మాత్రం జుట్టు నెరిసినా ఊడి రాదు, అదిగో కూర్చున్నాడు నా కొడుకు దైవాధీనం, మా పేట చర్చి ముందు రేకుల పందిట్లో, నాకు వీపు చూపించి, కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో తాపీ పెట్టుకుని, ఆ పక్కన బల్ల మీద వరసలో ఉన్న కొత్త రబ్బరు బూట్లలో ఒక జత వాడి కోసమే ఎదురుచూస్తోంది, బూట్ల పక్కన మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, అన్నీ పెళ్ళికొడుక్కి పెట్టిన బట్టల్లా వరసగా, పెళ్ళికొడుకు మాత్రం మొహం తిప్పుకుని కూర్చున్నాడు, మిగతావాళ్ళు మాస్కులు పెట్టుకుంటూ తీస్తూ ఒక కన్ను వీడి మీదే ఉంచారు, ఎందుకంటే వీడు మేస్త్రీ, వీడు ఏం చేస్తే వాళ్ళూ అదే చేస్తారు, వీడు వట్టి కాళ్ళతో వట్టి ముక్కుతో లోపలికి వెళ్తే వాళ్ళూ అన్నీ పీకి జేబులో పెట్టుకుంటారు, ఇక గుమ్మంలో చూస్తే వీడి కూతురు, నా మనవరాలు కృపాకుమారి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడింది, తండ్రైతే ఏంటి ఎవరైతే ఏంటి అన్నట్టు, అచ్చం నా మొహమే, ఆ గడ్డం, ఆ పెదవి బిగింపు, నా కోడలు హేమ ఉల్లిపాయలు తరుగుతూ గొణుగుతోంది, అత్తయ్యా, మీ కొడుకూ మీ మనవరాలూ ఒకే బండలో చెక్కిన బొమ్మలు, మధ్యలో నలిగేది నేనేగా అని, గోడలు కట్టేవాళ్ళ ఇంట్లోకి కోడలిగా వచ్చి రాళ్ళున్నాయంటే ఎలాగే అన్నాను, దానికి నవ్వు రాలేదు, నిజానికి నాకూ రాలేదు, ఎందుకంటే మళ్ళీ దగ్గాడు వాడు, చిన్న దగ్గే, పక్కవాడికి వినపడనంత, నా చేతిలో రొయ్య మాత్రం అలాగే ఆగిపోయింది.

ఆ దగ్గు నాకు తెలుసు, దానికో రాగం ఉంది, ముందు గొంతులో పొడిగా గీరినట్టు వస్తుంది, ఆగినట్టే ఆగి, లోపల ఎక్కడో గాలికి తలుపు కొట్టుకున్నట్టు మళ్ళీ మొదలవుతుంది, అది మా ఆయన దగ్గు, ఉప్పెన వచ్చిన ఏడు దైవాధీనం పొత్తిళ్ళలో పిల్లాడు, దివిసీమంతా సముద్రమై, తర్వాత బురదై, ఆ తర్వాత పని అయింది మాకు, మిల్లుల గోదాములు బాగుచేయాలి రండి రండి అని పిలిచారు, లోపల ధాన్యం బస్తాలు మొలకెత్తి, కుళ్ళి, ముక్కిపోయి, గోడలన్నీ కింది నుంచి నిలువెత్తు నల్లబూజు, గేదె చర్మంలా మెత్తగా వెంట్రుకలు మొలిచినట్టుండేది, మా ఆయన తీగచీపురుతో ఆ గోడలు గీకేవాడు, ఆ దుమ్ము పొగలా లేచి మనిషి కనపడేవాడు కాదు, దగ్గు వినపడితే ఓహో ఇక్కడున్నాడు అనుకునేవాళ్ళం, సాయంత్రం పనయ్యాక మేస్త్రీ అందరికీ తలా ఒక బెల్లంముక్క పెట్టేవాడు, బెల్లం తింటే గొంతులో దుమ్మంతా దిగిపోతుందని, ఇటుకబట్టీల్లో అంతే, సున్నంబట్టీల్లో అంతే, రైసుమిల్లుల్లో అంతే, కూలివాడి ఊపిరికి బెల్లంముక్కే డాక్టరు, మా ఆయన తన ముక్కలో సగం కొరికి సగం కాగితంలో చుట్టి పిల్లాడికి తెచ్చేవాడు, అందుకే కాబోలు వీడికి ఇప్పటికీ పనికి వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో బెల్లంముక్క ఉండాలి, అది నాన్న అలవాటు, వీడు వదలడు, ఆ తర్వాత ఈ చర్చి కట్టారు, బలిపీఠం వెనక గోడ మా ఆయనే పూశాడు, గానుగ సున్నం తెప్పించి, ఏటి గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా తేల్చాడు, పూసినన్నాళ్ళూ కాళ్ళకి చెప్పులు లేవు, నోట్లో చుట్ట లేదు, దేవుడి గోడ ప్రభా అని నాతో అనేవాడు, ఆరిన రోజున నన్ను తీసుకెళ్ళి అందులో నా నీడ చూపించాడు, చూశావా నిన్ను దేవుడి దగ్గర నిలబెట్టేశాను అని, అంత గొప్ప చేతులున్న మనిషి చివర్న రెండు మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయేవాడు, ఆస్తమా అన్నారు, క్షయేమో అన్నారు, చుట్టలు తాగావు కదా అని తిట్టారు, ఎన్ని ఆసుపత్రులు తిరిగినా నువ్వేం పని చేస్తావయ్యా అని ఒక్కరూ అడగలేదు, పోయాడు.

సరే, పోయినవాళ్ళని తలుచుకుంటే రొయ్యలు చేతిలో మెత్తబడతాయి, కొత్తసంగతి చెప్పుకోవాలంటే పోయినేడు వరదకి కృష్ణమ్మ లంకలన్నీ ముంచి మా చర్చిలోకీ వచ్చింది, బెంచీలు తేలాయి, నీళ్ళు తీసేశాక గోడలకి చెమ్మ మిగిలింది, మా సంఘ పెద్ద శ్యాంబాబు మాస్టారు మంచి మనసుతో, కాలం చేసిన భార్య జ్ఞాపకార్థం, ఆ చెమ్మ కనపడకుండా చుట్టూ ప్లైవుడ్డు పలకలు కొట్టించి పాలిషు పెట్టించారు, అబ్బో, ఎంత బావుందో, బందరు కల్యాణమండపంలా మెరిసింది, ఆ తర్వాత ఒక రకం వాసన మొదలైంది, మూత తీయని పచ్చడి జాడీ అడుగు వాసన, ఆదివారం పాట పాడుతుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి గొంతు పట్టేసేది, చలికాలం కదా అనుకున్నాం, మళ్ళీ చలికాలం వచ్చేసరికి పలకలు ఉబ్బి మేకులు ఊడాయి, సరే, క్రిస్మస్ లోపల తీసేసి సున్నం కొట్టుకుందాం, కూలి లేదు, ఇది దేవుడి పని అని మగాళ్ళంతా ముందుకొచ్చారు, మొదటి పలక పీకింది మావాడే, పీకగానే వెనక గోడంతా నలుపు, ఉప్పెన నాటి నలుపే, నేను గుమ్మంలో నిలబడి గుర్తుపట్టాను, ఇంతకాలం ఎక్కడున్నావే అనిపించింది దాన్ని చూసి, మావాళ్ళేమో దేవుడి గుడి కదా అని చెప్పులు బయట విడిచి, వట్టి కాళ్ళతో, ఊపిరాడటం లేదని ఫ్యాన్లన్నీ వేసుకుని, పొడి గోడ మీద బరబరా గీకారు, ఫ్యాను గాలికి ఆ నల్లదుమ్ము పైకప్పు దాకా తిరిగింది, ఒకడి కాల్లో మేకు దిగింది, ఇద్దరికి కళ్ళు మండాయి, మావాడికి దగ్గు పట్టుకుంది, మాస్టారు అందరికీ తలా ఒక బెల్లంముక్క పంచారు.

ఆ సంగతి హేమ ఫోన్లో చెప్పింది, తెల్లారేసరికి బందరు నుంచి కృప దిగిపోయింది, గుడివాడలో డిప్లొమా చదివి, ఇప్పుడు బందరులో పెద్ద కట్టడం దగ్గర కూలీలకి దెబ్బలు తగలకుండా, జబ్బులు రాకుండా చూసే ఉద్యోగం చేస్తుంది, తలకి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వందలమంది మగాళ్ళని ఆగు అంటే ఆగేలా చేస్తుందట, నేను నమ్మలేదు, మొన్న కళ్ళారా చూశాను, బస్సు దిగి ఇంటికి కూడా రాకుండా తిన్నగా చర్చికి వెళ్ళి, లోపల ఉన్నవాళ్ళని బయటికి పిలిచి, ఫ్యాన్లు ఆపి, తలుపుకి తాళం వేసేసింది, అమ్మో, దేవుడి గుడికి ఆడపిల్ల తాళం వేసిందని పేటంతా ఒకటే గోల, శ్యాంబాబు మాస్టారు కర్ర పట్టుకుని వచ్చారు, ఏమ్మా కృపా, నీకు అక్షరాలు దిద్దించింది నేనేనా అని, మీరే మాస్టారూ, తప్పు కనపడితే కొట్టేసి మళ్ళీ రాయమని నేర్పించింది కూడా మీరే, అందుకే వచ్చాను అంది, మాస్టారు గడ్డం గోక్కుంటూ నవ్వేశారు, అదే మా మాస్టారిలో మంచి, బెల్లం సంగతి నేనే అడిగాను, ఎందుకే ఈ తాళాలు, దుమ్ముకి బెల్లం తిన్నారుగా అని, మామ్మా, బెల్లం వెళ్ళేది కడుపులోకి, దుమ్ము వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి, దారులు రెండూ వేరు, ఒకదాన్ని కడగడానికి రెండోదాంట్లో నీళ్ళు పోస్తే ఎలా అంది, నేను ఇన్నేళ్ళ బతుకు బతికాను, ఆ దారి ఈ దారి కలవదన్న మాట ఎవరూ నాకు చెప్పలేదే అనుకున్నాను, తండ్రిని బండెక్కించుకుని బందరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, ఆ డాక్టరమ్మ కూర్చోగానే అడిగిన మొదటి మాట, మీరేం పని చేస్తారండీ అని, ఆ మాట వాడు ఇంటికొచ్చి చెప్పగానే నేను దొడ్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను, ఇప్పటికి ఫరవాలేదు, ఛాతీ శుభ్రంగానే ఉంది, కానీ ముక్కుకి కట్టుకోకుండా మళ్ళీ ఆ దుమ్ములో నిలబడ్డారో మీ నాన్నగారి దారే అందట ఆవిడ.

అందుకే ఇవాళ ఈ ఏర్పాటంతా, ముందు పైకప్పు కారే చోటు మూయించింది, చెమ్మ వచ్చే దారి మూయకుండా గోడ గీకితే మళ్ళీ మొలుస్తుందట, కిటికీలన్నీ బార్లా తెరిపించింది, బెంచీలకి టార్పాలిన్లు కప్పించింది, ఫ్యాన్లు వేయకూడదు, గోడ తడపకుండా గీకకూడదు, గీకింది గీకినట్టు సంచుల్లో మూతి బిగించి కట్టాలి, సబ్బుతో చేతులు కడగకుండా అన్నం దగ్గరికి రాకూడదు, నన్ను మాత్రం గుమ్మం దరిదాపుల్లోకి రావద్దంది, మామ్మా నీ ఆయాసం నాకు తెలుసు, నువ్వు వంట దగ్గరే రాణివి అని, రాణిని గాలి వచ్చే వైపు కూర్చోబెట్టింది, పోతయ్య కూడా వచ్చాడు, హంసలదీవి వైపు నుంచి వచ్చి మావాడి దగ్గర ఎప్పటి నుంచో పనిచేస్తాడు, సముద్రం మీద వేట లేనప్పుడు ఇసుకా సిమెంటూ మాల్ కలుపుతాడు, ఇప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు, నల్ల బట్టలు, పెరిగిన గడ్డం, కాళ్ళకి చెప్పులు లేవు, కృప వాడి మొహం చూసి, స్వామీ, ఆ గడ్డం మీద మాస్కు అతకదు, సందుల్లోంచి దుమ్ము దూరుతుంది, మాల తీసేదాకా మీరు బయట మాల్ కలపండి, లోపలికి వద్దు అంది, దానికేం భాగ్యం మేడం అన్నాడు, చిన్నప్పుడు భుజాన మోసినవాడే, ఇప్పుడు మేడం అంటాడు, అది వినడానికి నాకు ఎంత బావుందో, దైవాధీనం వైపు తిరిగి ఇంకో మాట వేశాడు, బావా, నేను చెప్పులు లేకుండా తిరిగానంటే మాల ఉంది, నియమం ఉంది, నీకేముంది బావా, మొండితనం తప్ప, మావాడు చర్రున లేచాడు, మీ కొండ మీదికి బూట్లేసుకుని ఎక్కుతారేంట్రా, మరి మా బలిపీఠం మీదికి నేనెలా ఎక్కుతాను, మా నాన్న వట్టి కాళ్ళతో పూసిన గోడది అని, పోతయ్య పారతో ఇసుక తిరగేస్తూ, మీ నాన్న గోడ అలాగే ఉంది బావా, మీ నాన్నేడి అన్నాడు.

హేమ చేతిలో ఉల్లిపాయ కత్తిపీట మీద సగంలో ఆగిపోయింది, నాకు కోపం రావాలి నిజానికి, రాలేదు, పోతయ్య అడిగింది నేను లోపల ఎన్నోసార్లు అడుక్కున్నదే, మావాడు పోతయ్యని చూడలేదు, నన్ను చూశాడు, ఆ చూపు ఎలాంటిదంటే, చిన్నప్పుడు చీకట్లో నాన్న దగ్గుతుంటే లేచి కూర్చుని, అమ్మా నాన్నకి ఏమైంది అని అడిగేవాడే, ఆ చూపు, రొయ్యల గిన్నె ఒళ్ళోంచి దించి కింద పెట్టాను, అప్పుడు కృప గుమ్మం దిగి వచ్చింది, తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, ఆకుపచ్చ టోపీ తీసి పక్కన పెట్టి, ఆ టోపీ తీసిందంటే ఇప్పుడు మాట్లాడేది మేడం కాదు, నాన్నా, తాతయ్య పూసిన గోడ నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని నాకూ ఉంది, నిన్ను ఆపాలని కాదు నాన్నా నేను వచ్చింది, పంపాలనే వచ్చాను అంది, వాడు చేతిలో తాపీ తిప్పుతూ, మాస్కు పెట్టుకుంటానే, దానికి అభ్యంతరం లేదు, నీ కళ్ళద్దాలూ పెట్టుకుంటాను, బూట్లే, రోడ్డు మీద తిరిగే వాటితో ఆ దేవుడి ముందు ఎలా నిలబడను అన్నాడు, నాన్నా, ఆ బూట్లు రోడ్డు మీద తిరగవు అంది అది, లోపల వేసుకున్నవి లోపలే విడవాలి, ఆ బూజు కాళ్ళకంటుకుని బయటికి రాకూడదు, ఇంటికి అసలే రాకూడదు, బట్టలూ అంతే, పనయ్యేదాకా ఆ బూట్లు గుమ్మం దాటవు, అదే నా మొదటి నియమం అంది, వాడు తల ఎత్తాడు, గుమ్మం దాటవా, దాటవు, ఎవరివీ, ఎవరివీ నాన్నా, దాటితే నేనే ఊరుకోను.

వాడు బల్ల దగ్గరికి వెళ్ళి ఆ బూట్లు తిరగేసి అడుగులు చూశాడు, కొత్తవి, గీత కూడా పడలేదు, ఇంకా రబ్బరు వాసన, వేలితో ఆ గాడులన్నీ తడిమాడు, ఇటుక తడిమినట్టు, అంటే ఇవి ఇంకా రోడ్డు చూడలేదు, చూడవు అన్నాడు, ఎవరితో అన్నాడో, మాస్టారితోనో దేవుడితోనో, శ్యాంబాబు మాస్టారు కర్ర ఆనించుకుని ముందుకొచ్చి, ఒరేయ్ దైవాధీనం, ప్రభు రాత్రి భోజనం గిన్నెలు బయట ఏ పెళ్ళికీ వాడం, గుడివి గుడికే, అలాగే అనుకోరా, నా భార్య పేరున నేను ఆ పలకలు కొట్టించి ఈ బూజుకి ఇల్లు కట్టిచ్చాను, ఇప్పుడు ఆవిడ పేరునే ఈ బూట్లు గుడికి ఇచ్చేశాననుకో అన్నారు, మాస్టారూ, కొన్నది నేను అంది కృప, కొన్నది నువ్వే, గొప్ప కొట్టుకునేది నేను అన్నారాయన, మాస్కుల వెనక నవ్వులు, ఎవరి మూతీ కనపడదు, కళ్ళే నవ్వుతున్నాయి, మా పాస్టరు జీవన్ కుమార్ అయ్యగారు, అంతవరకూ పందిట్లో వెనక కూర్చున్న మనిషి, కొత్త బండికి ప్రార్థన చేస్తాం, కొత్త వలకి చేస్తాం, కుట్టుమిషనుకి కూడా చేశాను, వీటికెందుకు చేయకూడదు అని చేతులు చాపారు, బల్ల మీద బూట్ల వరస, చుట్టూ మాస్కులు కట్టుకున్న మగాళ్ళు తలలు వంచి, పక్కన నల్ల బట్టల్లో పోతయ్య కూడా పార నిలబెట్టి చేతులు కట్టుకుని, ఇలాంటి ప్రార్థన నేను నా జన్మలో చూడలేదు, ఈ ఊపిరి నీవిచ్చినది తండ్రీ అన్నారు అయ్యగారు, అంత పెద్ద ప్రార్థనలు చేసే మనిషి ఇవాళ ఆ ఒక్క మాటతో ఆమెన్ అనేశారు.

అప్పుడు నా కొడుకు ఏం చేశాడో చెప్పాలి, బూట్లు చేత్తో వేలాడదీసుకోలేదు, ఎత్తి గుండెలకి ఆనించుకున్నాడు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు, వట్టి కాళ్ళతో మెట్లెక్కాడు, గుమ్మం లోపలి వైపు కూర్చుని, కృప పోసిన నీళ్ళతో మళ్ళీ కాళ్ళు కడుక్కుని తుడుచుకుని, ఒక్కొక్కటీ తొడుక్కున్నాడు, మాస్కు కృపే పెట్టింది, ముక్కు మీద నొక్కి, చుట్టూ వేలితో తడిమి, ఊదు నాన్నా, గాలి ఎక్కడైనా పోతోందా, లేదా, ఇంకోసారి ఊదు, ఊఁ ఇప్పుడు సరిపోయింది, దాని చెయ్యి వాడి మొహం మీద అలా తిరుగుతుంటే వాడు కళ్ళు మూసుకున్నాడు, వాడి పాలపళ్ళ నాటి మొహం నేను మళ్ళీ చూసినట్టే ఉంది, వాడి వెనకే మిగతావాళ్ళంతా వరసగా గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కున్నారు, పండక్కి కొత్తబట్టలు కట్టుకునే పిల్లల్లా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ, లేచి లోపలికి వెళ్ళబోతూ వాడు ఆగాడు, జేబు తడుముకున్నాడు, కాగితం పొట్లం తీసి, పోతయ్యా ఇది అమ్మకియ్యి అన్నాడు, మాస్కులోంచి మాట కుండలోంచి వచ్చినట్టు వచ్చింది, పోతయ్య తెచ్చి నా ముందు పెట్టాడు, అత్తా, పరమాన్నంలో వేసెయ్యమన్నాడు నీ కొడుకు, దుమ్ముకి ఇక అక్కర్లేదంట.

బెల్లంముక్క, వేడికి కాగితానికి అంటుకుపోయింది, వాళ్ళ నాన్న తెచ్చే ముక్క కూడా ఇలాగే అంటుకుని ఉండేది, ఎన్నేళ్ళయింది, హేమా పాలు పొయ్యి మీద పెట్టవే అన్నాను, ఇవాళ రొయ్యల కూరా పరమాన్నం, కలుస్తుందా కలవదా అని ఎవరూ అడగకండి, లోపల స్ప్రేయరు సుయ్యిమంటోంది, గోడ తడుస్తోంది, ఆ తర్వాత గీకుడు, మొన్నటి బరబర కాదు, తడి గోడ మీద మెత్తగా, దోసె తిరగేస్తున్నట్టు, పొగ లేవలేదు, కిటికీలోంచి చూస్తే మనుషులు మనుషుల్లాగే కనపడుతున్నారు, అదే అన్నిటికన్నా వింత నాకు, గీకుతున్న మనిషి కనపడటం, బలిపీఠం వెనక మావాడి పచ్చ తువ్వాలు, చెయ్యి పైకీ కిందికీ, వాళ్ళ నాన్న చెయ్యి తిరిగినట్టే తిరుగుతోంది, నేను చెవి ఒగ్గి కూర్చున్నాను దగ్గు కోసం, నీళ్ళ చప్పుడు, తాపీ చప్పుడు, పోతయ్య పార చప్పుడు, ఇంకేం లేదు, మధ్యలో కృప గొంతు, ఎవరక్కడ మాస్కు కిందికి లాగింది, చూశాను, పెట్టుకోండి, పెట్టుకోండి మావయ్యా, గుమ్మం బయట చెప్పులన్నీ ఆదివారం ఉన్నట్టే కుప్పగా పడి ఉన్నాయి, మావాడి అరిగిన చెప్పులు అన్నిటికన్నా పైన, ఆ చెప్పులకీ లోపలి బూట్లకీ మధ్య గుమ్మంలో ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మళ్ళీ నిలబడింది అది, లోపలికి ఒక చూపు, నా వైపు ఒక చూపు, గోడలు కట్టిన చేతులు మా ఇంట్లో ఎన్నో చూశాను, మా మావగారివి, మా ఆయనవి, నావీ, మావాడివి, గోడ నిలబడిందా లేదా అనే అందరూ చూశారు, కట్టినవాడు నిలబడ్డాడా అని చూసేవాళ్ళ కోసం ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికాను, పెద్దాసుపత్రుల్లో, పెద్దమనుషుల్లో, వాళ్ళెవరూ కాదు, ఆ చూసే మనిషి మా ఇంట్లోనే పుట్టింది.